స్క్రీనింగ్‌లో ఫాల్స్ పాజిటివ్ వచ్చిన రక్తదాతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

దానం చేసిన ప్రతి రక్తానికీ హెచ్ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి వైరస్‌ల కోసం స్క్రీనింగ్ అనే తొలి పరీక్ష జరుగుతుంది. ఇక్కడున్న ప్రశ్నల్లో కొన్ని రక్తదాతలు అడిగేవి, మరికొన్ని రక్తనిధి కేంద్రాల్లో పనిచేసే వైద్యులు, టెక్నీషియన్లు, కౌన్సెలర్లు అడిగేవి. రెంటినీ కావాలనే కలిపి ఉంచాము. కేంద్రం లోపల ఏం జరుగుతుందో దాతకు తెలియకపోవడం వల్ల భయం పెరుగుతుంది; ఆ భయంతో దాత ఎన్ని రాత్రులు గడుపుతున్నారో కేంద్రానికి తెలియకపోవడం వల్ల జాప్యం పెరుగుతుంది. ఈ సమాధానాలన్నిటికీ ఆధారమైన మాట ఒకటుంది: రక్తపు బ్యాగు గురించి తీసుకునే నిర్ణయం వేరు, దాన్ని ఇచ్చిన మనిషి గురించి చెప్పే తీర్పు వేరు. బ్యాగును పక్కన పెట్టడానికి అనుమానం చాలు. మనిషికి జబ్బు ఉందని చెప్పడానికి రుజువు కావాలి.

రియాక్టివ్, పాజిటివ్ రెండూ ఒకటేనా?

కావు. స్క్రీనింగ్ పరీక్షలో యంత్రం ఒక సంకేతాన్ని, అంటే కాంతినో రంగునో, కొలుస్తుంది. ఆ సంకేతం కిట్ తయారీదారు నిర్ణయించిన హద్దును దాటితే ఆ శాంపిల్‌ను రియాక్టివ్ అంటారు. రసాయనాల మధ్య ఏదో చర్య జరిగిందని మాత్రమే ఆ మాటకు అర్థం. వైరస్ ఉందని కాదు. వేరే పద్ధతిలో చేసే నిర్ధారణ పరీక్షలు కూడా దాన్ని బలపరిచినప్పుడే పాజిటివ్ అనాలి. నిర్ధారణలో ఇన్ఫెక్షన్ లేదని తేలితే మొదట వచ్చిన రియాక్టివ్‌ను ఫాల్స్ పాజిటివ్, అంటే తప్పుడు పాజిటివ్ అంటారు. నిర్ధారణ పూర్తి కాకముందే కేంద్రంలో ఎవరైనా దాతతో పాజిటివ్ అనే మాట వాడితే, ఆ తర్వాత ఎంత వివరించినా ఆ మాట మనసులోంచి పోదు. అందువల్ల ఈ రెండు పదాల తేడాను మాటవరసకు కూడా చెరపకూడదని మా గట్టి అభిప్రాయం.

అంత కచ్చితమైన పరీక్ష అయినప్పుడు తప్పు ఎందుకు వస్తుంది?

రక్తదానంలో వాడే స్క్రీనింగ్ పరీక్షలను ఇన్ఫెక్షన్ ఉన్న ఒక్క శాంపిల్ కూడా తప్పించుకోకుండా ఉండేలా రూపొందిస్తారు. ఒక్క బ్యాగు తప్పించుకుంటే, దాని నుంచి వేరుచేసిన ఎర్ర రక్తకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా ద్వారా ముగ్గురు రోగులకు హాని జరగవచ్చు. అందుకని హద్దును తక్కువ స్థాయిలో పెడతారు. అలా పెట్టినప్పుడు ఇన్ఫెక్షన్ లేనివారిలో కొద్దిమంది శాంపిళ్లు కూడా ఆ హద్దును దాటుతాయి. ఇది పరీక్ష లోపం కాదు, రోగి భద్రత కోసం తెలిసి చేసుకున్న ఎంపిక.

దీన్ని లెక్కతో చూస్తే స్పష్టమవుతుంది. లెక్క సులువుగా ఉండేందుకు 1,00,000 మంది దాతలను తీసుకుందాం. వారిలో 5,000 మందికి ఒకరి చొప్పున 20 మందికి నిజంగా ఇన్ఫెక్షన్ ఉందనీ, ఇన్ఫెక్షన్ లేనివారిని నెగిటివ్‌గా చూపడంలో పరీక్ష 99.8 శాతం కచ్చితమైనదనీ అనుకుందాం. ఆ 20 మందినీ పరీక్ష పట్టుకుంటుంది. మిగిలిన 99,980 మందిలో 0.2 శాతం, అంటే దాదాపు 200 మంది, ఏ ఇన్ఫెక్షనూ లేకుండానే రియాక్టివ్ అవుతారు. మొత్తం 220 మంది రియాక్టివ్‌లలో నిజమైనవారు 20 మందే. పదకొండు మందిలో ఒక్కరు. అదే పరీక్షను, ఇన్ఫెక్షన్ 10 శాతం మందిలో ఉన్న వెయ్యి మంది రోగులపై చేస్తే నిజమైనవి 100, తప్పుడువి దాదాపు 2 వస్తాయి. కిట్ మారలేదు, హద్దు మారలేదు. మారింది పరీక్ష చేయించుకున్న మనుషుల సమూహం ఒక్కటే. ఆరోగ్యవంతులనే ఎంచి, ప్రశ్నావళితో వడగట్టి దానానికి అనుమతిస్తాము కాబట్టి దాతల్లో వచ్చే రియాక్టివ్‌లలో తప్పుడువే ఎక్కువగా ఉంటాయి. ఆసుపత్రి వార్డులో రియాక్టివ్ ఫలితాన్ని చూసే కళ్లతో దాత ఫలితాన్ని చూడకూడదని చెప్పేది ఇందుకే.

ఇంకొక విషయం కూడా ఈ లెక్కలోనే ఉంది. ప్రతి దానానికీ కనీసం మూడు వైరస్ పరీక్షలు జరుగుతాయి. ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా ఇచ్చేవారికి ఈ పరీక్షలు పదుల సంఖ్యలో జరిగి ఉంటాయి కనుక, ఎప్పుడో ఒకసారి ఫాల్స్ పాజిటివ్ ఎదురయ్యే అవకాశం వారికే ఎక్కువ. మనం అందరికంటే జాగ్రత్తగా నిలుపుకోవలసిన దాతలు వారే.

నా రక్తంలో ఏముంది కాబట్టి పరీక్ష అలా స్పందించింది?

చాలాసార్లు కారణం తెలియదు, తెలియకపోయినా ప్రమాదం లేదు. తెలిసిన కారణాల్లో మొదటిది, మీ శరీరం వేరే దేనికోసమో తయారుచేసుకున్న యాంటీబాడీలు పరీక్షలోని వైరస్ భాగాలకు అంతో ఇంతో అతుక్కోవడం. ఈమధ్య వచ్చిన వేరే ఇన్ఫెక్షన్, ఈమధ్య వేయించుకున్న టీకా, శరీర రక్షణ వ్యవస్థ తన శరీరంపైనే దాడి చేసే లూపస్ వంటి ఆటోఇమ్యూన్ వ్యాధులు, గర్భధారణ వంటివి ఇందుకు దారితీయవచ్చు. మలేరియా ఉన్నవారిలో హెచ్ఐవీ యాంటీబాడీ పరీక్షలు పొరపాటుగా స్పందించిన సందర్భాలు నమోదయ్యాయి.

చరిత్రలో దీనికి మంచి ఉదాహరణలున్నాయి. హెచ్ఐవీకి రక్తాన్ని పరీక్షించడం 1985లో మొదలైంది. ఆనాటి కిట్లలో వైరస్‌ను మానవ కణాలలో పెంచి, ఆ కణాలను చిదిపి తీసిన పదార్థాన్నే వాడేవారు. ఆ కణాల పైనుండే హెచ్ఎల్ఏ అనే గుర్తులు కూడా కిట్‌లోకి చేరేవి. పలుమార్లు గర్భం దాల్చిన స్త్రీలలోనూ, గతంలో రక్తం ఎక్కించుకున్నవారిలోనూ హెచ్ఎల్ఏకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉండవచ్చు. అవి వైరస్‌తో సంబంధం లేకుండానే కిట్‌ను రియాక్టివ్ చేసేవి. కృత్రిమంగా తయారుచేసిన శుద్ధమైన ప్రోటీన్లు వాడుకలోకి వచ్చాక ఆ బాధ చాలావరకు తగ్గింది. 1991 చివరలో అమెరికాలో, ఆ ఏటి ఫ్లూ టీకా వేయించుకున్న కొందరు దాతల్లో ఒకటికంటే ఎక్కువ వైరస్ పరీక్షలు ఒకేసారి తప్పుగా రియాక్టివ్ అయ్యాయి. 2020లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం రూపొందించిన కోవిడ్ టీకాలో ప్రోటీన్ ఆకారాన్ని పట్టి ఉంచడానికి హెచ్ఐవీ ప్రోటీన్‌లోని ఒక చిన్న ముక్కను వాడారు. ఆ ముక్క హాని చేయనిదే అయినా, టీకా తీసుకున్నవారిలో కొన్ని హెచ్ఐవీ పరీక్షలు పొరపాటుగా పాజిటివ్ చూపడంతో ఆ ప్రయోగాన్ని అదే ఏడాది డిసెంబరులో ఆపేశారు. ఆ వాలంటీర్లలో ఎవరికీ హెచ్ఐవీ సోకలేదు. ఫాల్స్ పాజిటివ్ అంటే ఏమిటో దాతకు చెప్పడానికి ఇంతకంటే తేటగా అర్థమయ్యే ఉదాహరణ మాకు దొరకలేదు.

శరీరంతో సంబంధం లేని కారణాలు కూడా ఉంటాయి. రక్తం సరిగా గడ్డకట్టకముందే శాంపిల్‌ను యంత్రంలో వేగంగా తిప్పితే సీరంలో (గడ్డకట్టిన రక్తం నుంచి వేరుపడే ద్రవంలో) మిగిలిపోయే, ఫైబ్రిన్ అనే గడ్డకట్టే ప్రోటీన్ సన్నని పోగులు, కణాలు చిట్లిన శాంపిల్, పక్క శాంపిల్ నుంచి చిందిన చుక్క, సరిగా కడగని ప్లేటు, ఇవన్నీ సంకేతాన్ని పెంచగలవు.

రియాక్టివ్ వచ్చిన తర్వాత ప్రయోగశాలలో ఏ క్రమంలో పరీక్షిస్తారు?

మొదటిసారి రియాక్టివ్ వచ్చిన శాంపిల్‌ను అదే కిట్‌తో మరో రెండుసార్లు పరీక్షిస్తారు. ఆ రెండూ నెగిటివ్ అయితే మొదటిది పరీక్ష జరిగిన తీరులో వచ్చిన పొరపాటుగా భావిస్తారు. రెంటిలో ఏ ఒక్కటి రియాక్టివ్ అయినా ఆ దానాన్ని పదేపదే రియాక్టివ్ అయినదిగా నమోదు చేసి, దాని నుంచి తయారైన భాగాలన్నిటినీ విడిగా తాళం వేసిన చోట ఉంచి, నియమం ప్రకారం నాశనం చేస్తారు. అప్పుడు నిర్ధారణ మొదలవుతుంది.

మళ్లీ పరీక్షించేటప్పుడు ట్యూబులోని శాంపిల్‌తో పాటు, బ్యాగుకు అంటుకుని ఉండే గొట్టం ముక్కలోని రక్తాన్ని కూడా పరీక్షించడం చాలా మంచి అలవాటు. ట్యూబు రియాక్టివ్‌గా ఉండి గొట్టంలోని రక్తం నెగిటివ్‌గా వస్తే, ట్యూబుల లేబుళ్లు తారుమారై ఉండవచ్చని అనుమానించాలి. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసిన సంగతి ఉంది. లేబుళ్లు తారుమారై ఇన్ఫెక్షన్ లేని వ్యక్తికి రియాక్టివ్ వచ్చిందంటే, ఇన్ఫెక్షన్ ఉన్న మరొకరి బ్యాగు నెగిటివ్ లేబుల్‌తో ఫ్రిజ్‌లో ఉందని అర్థం. ఫాల్స్ పాజిటివ్ అని తేలగానే ఊపిరి పీల్చుకుని ఫైలు మూసేయకుండా, అది ఎందుకు తప్పు అయిందో వెతకడం రోగి భద్రతలో భాగమే. ఆ రోజు ఆ శిబిరంలో, ఆ వరుసలో ముందూ వెనకా తీసిన శాంపిళ్లన్నిటినీ సరిచూసుకునే వరకు ఆ బ్యాగులను విడుదల చేయకూడదు.

నిర్ధారణ అన్ని వైరస్‌లకూ ఒకే విధంగా ఉంటుందా?

ఉండదు. హెచ్ఐవీకి 1987 నుంచి చాలాకాలం వెస్టర్న్ బ్లాట్ ప్రధాన నిర్ధారణ పరీక్షగా ఉంది; అందులో వైరస్ ప్రోటీన్లు ఉన్న పట్టీ మీద దాత యాంటీబాడీలు గీతలుగా కనిపిస్తాయి. ఇప్పుడు చాలా చోట్ల దాని స్థానంలో హెచ్ఐవీ-1, హెచ్ఐవీ-2 యాంటీబాడీలను విడివిడిగా గుర్తించే పరీక్షను, దానితో పాటు వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే న్యాట్ పరీక్షను చేస్తున్నారు.

హెపటైటిస్-సి విషయంలో ఆర్ఎన్ఏ, అంటే ఆ వైరస్ జన్యుపదార్థం, ఉందో లేదో చూసే పరీక్ష కీలకం. గతంలో యాంటీబాడీ నిర్ధారణకు వాడిన రీబా అనే పరీక్ష ఇప్పుడు దొరకడం లేదు. కాబట్టి యాంటీబాడీ రియాక్టివ్‌గా ఉండి ఆర్ఎన్ఏ లేనప్పుడు, వేరే తయారీదారు రూపొందించిన రెండో యాంటీబాడీ కిట్‌తో చూడడం మేలు. ఒకే లోపం రెండు వేర్వేరు కిట్లలో ఉండే అవకాశం చాలా తక్కువ.

హెపటైటిస్-బి ఉపరితల యాంటిజెన్‌కు, అంటే వైరస్ పైపొరలోని ప్రోటీన్‌కు, న్యూట్రలైజేషన్ పరీక్ష చేస్తారు. శాంపిల్‌కు ఆ యాంటిజెన్‌ను అడ్డుకునే యాంటీబాడీని కలిపినప్పుడు సంకేతం సగానికి సగమైనా పడిపోతే, యాంటిజెన్ నిజంగానే ఉన్నట్లు. పడిపోకపోతే మరేదో అడ్డు తగులుతున్నట్లు. దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. హెపటైటిస్-బి టీకాలో ఉండేది ఈ ఉపరితల యాంటిజెనే. టీకా వేయించుకున్న తర్వాత కొద్ది రోజులు, అరుదుగా రెండు మూడు వారాల వరకు, అది రక్తంలో కనిపించవచ్చు. అప్పుడు న్యూట్రలైజేషన్ కూడా యాంటిజెన్ ఉందనే చెబుతుంది, అది నిజం కూడా. కానీ ఇన్ఫెక్షన్ లేదు. కోర్ యాంటీబాడీ (టీకాతో రాదు, వైరస్ సోకితేనే తయారవుతుంది), డీఎన్ఏ (వైరస్ జన్యుపదార్థం) రెండూ నెగిటివ్‌గా ఉండి, కొన్ని వారాల తర్వాత యాంటిజెన్ మాయమైతే విషయం తేలిపోతుంది. ఈమధ్య ఏ టీకా వేయించుకున్నారన్న ఒక్క ప్రశ్నను దాతను అడగనందువల్ల ఎంత వేదన కలుగుతుందో చెప్పలేము.

న్యాట్ నెగిటివ్ వస్తే చాలదా? దాంతోనే ఫాల్స్ పాజిటివ్ అని చెప్పేయవచ్చు కదా?

చెప్పకూడదు. న్యాట్ వైరస్ జన్యుపదార్థాన్ని వెతుకుతుంది. యాంటీబాడీ పరీక్ష శరీరం చూపిన ప్రతిస్పందనను వెతుకుతుంది. హెపటైటిస్-సి సోకినవారిలో దాదాపు ముప్పై శాతం మంది మందులు లేకుండానే కొన్ని నెలల్లో వైరస్‌ను వదిలించుకుంటారు. వారిలో ఆర్ఎన్ఏ ఉండదు గానీ యాంటీబాడీ నిజమైనదే. అది గతించిన ఇన్ఫెక్షన్ అవుతుంది, ఫాల్స్ పాజిటివ్ కాదు. హెచ్ఐవీ ఉన్నవారిలో అతి కొద్దిమంది శరీరాలు మందులు లేకుండానే వైరస్‌ను కొలతకు అందనంత తక్కువ స్థాయిలో అదిమి ఉంచుతాయి. మందులు వాడుతున్నవారిలో ఇది మామూలే. వైరస్ స్థాయి కొలతకు అందనప్పుడు లైంగికంగా సంక్రమించదన్న మాట సరైనదే అయినా, నరంలోకి నేరుగా ఎక్కించే రక్తానికి ఆ మాట వర్తించదు.

న్యాట్‌లో కూడా ఫాల్స్ పాజిటివ్ వస్తుందా?

వస్తుంది, అయితే అరుదుగా. న్యాట్ అతి స్వల్పమైన జన్యుపదార్థాన్ని కొన్ని కోట్ల రెట్లు పెంచి చూస్తుంది కాబట్టి పక్క శాంపిల్ నుంచి చేరిన అణువంత కలుషితం కూడా చాలు. మూడు వైరస్‌లనూ కలిపి చూసే పరీక్షలో రియాక్టివ్ వచ్చి, ఏ వైరసో విడదీసి చూసినప్పుడు ఏదీ కనిపించకపోవడం తరచూ ఎదురయ్యే చిక్కు. వాటిలో కొన్ని నిజంగానే తప్పుడువి. మరికొన్ని అతి తక్కువ డీఎన్ఏ ఉన్న, దాగి ఉండే హెపటైటిస్-బి. కోర్ యాంటీబాడీ పరీక్ష చేస్తే ఈ రెంటినీ వేరు చేయడం చాలావరకు సాధ్యపడుతుంది.

అన్నీ నెగిటివ్ వచ్చాయంటున్నారు. మరి నేనిచ్చిన రక్తాన్ని ఎందుకు పారేశారు?

ఈ ప్రశ్నలోని బాధ మాకు అర్థమవుతుంది. మీరిచ్చిన రక్తం వృథా అయిందనే భావన తేలికైనది కాదు. అయినా బ్యాగుకు కాలపరిమితి ఉంది. ప్లేట్‌లెట్లు కొద్ది రోజులే నిలుస్తాయి, నిర్ధారణకు వారాలు పట్టవచ్చు. అంతకంటే ముఖ్యంగా, ఇన్ఫెక్షన్ సోకిన తొలి రోజుల్లో ఏ పరీక్షకూ దొరకని కాలం ఒకటి ఉంటుంది. దాన్ని విండో పీరియడ్ అంటారు. హెచ్ఐవీకి న్యాట్‌తో అది సుమారు పది రోజులు, యాంటీబాడీ పరీక్షతో సుమారు మూడు వారాలు. హెపటైటిస్-సి యాంటీబాడీకి రెండు నెలలకు పైగా ఉంటుంది. ఒక్క శాంపిల్‌తో ఆ అవకాశాన్ని పూర్తిగా తోసిపుచ్చలేము. రక్తం ఎక్కించుకునే రోగికి తన ముందున్న బ్యాగు చరిత్ర తెలియదు, వద్దనే వీలూ ఉండదు. ఆ రోగి పక్షాన సందేహాన్ని లెక్కలోకి తీసుకోవలసింది మేమే.

వెస్టర్న్ బ్లాట్‌లో అనిశ్చితం అని వచ్చింది. అంటే ఏమిటి?

పట్టీ మీద కొన్ని గీతలు కనిపించాయి గానీ పాజిటివ్ అనడానికి కావలసినన్ని కనిపించలేదని అర్థం. విస్తృతంగా వాడే ఒక ప్రమాణం ప్రకారం పీ24, జీపీ41, జీపీ120 లేదా జీపీ160 అనే వైరస్ ప్రోటీన్ల మూడు గుర్తుల్లో కనీసం రెండు ఉండాలి. పీ24 గీత ఒక్కటే లేతగా కనిపించి, నెలలు గడిచినా కొత్త గీత చేరకుండా, న్యాట్ నెగిటివ్‌గానే ఉంటే, ప్రమాద కారణాలు లేని ఆ దాతకు ఇన్ఫెక్షన్ లేదనే చెప్పాలి. నిజమైన ఇన్ఫెక్షన్ అయితే వారాల్లోనే గీతలు పెరుగుతాయి. ఆగి మళ్లీ చూడడంలోనే సమాధానం ఉంది. అయితే ఎప్పుడు రావాలో తేదీ చెప్పి పంపాలి. తేదీ చెప్పకుండా కొన్నాళ్లు ఆగి రమ్మనడం దాతను చీకట్లో వదిలేయడమే.

దాతకు ఎప్పుడు చెప్పాలి, ఎవరు చెప్పాలి?

నిర్ధారణ ఫలితం త్వరగా వచ్చే చోట అది వచ్చాకే చెప్పడం మంచిది. ఆలస్యమయ్యే చోట దాతను పిలిచి, ఏం తేలిందో, ఏం తేలలేదో రెండూ చెప్పాలి. చెప్పేవారు శిక్షణ పొందిన కౌన్సెలర్ లేదా వైద్యులై ఉండాలి. విడి గదిలో, ముఖాముఖిగా, తలుపు మూసి, తగినంత సమయం తీసుకుని చెప్పాలి. ఫోన్‌లో పరీక్ష పేరు గానీ ఫలితం గానీ చెప్పకూడదు. ఒకసారి కేంద్రానికి వచ్చి మాట్లాడమని మాత్రమే కోరాలి. ఫోన్ ఎత్తింది భార్య అయినా, తండ్రి అయినా, శిబిరం నిర్వాహకుడైనా విషయం వారికి తెలియకూడదు. కళాశాలల్లో, కార్యాలయాల్లో జరిగే శిబిరాల తర్వాత దాతల జాబితా నిర్వాహకుల చేతుల్లో ఉంటుంది. ఎవరిని వెనక్కి పిలిచారన్న సమాచారం ఒక్కటే ఒక మనిషి పరువును దెబ్బతీయగలదు.

ఏ మాటలతో చెప్పాలి?

మొదటి వాక్యంలోనే అసలు సంగతి ఉండాలి. ఉపోద్ఘాతం పొడవయ్యేకొద్దీ దాత మనసు అన్నిటికంటే చెడ్డ ఊహకు చేరుకుంటుంది. నిర్ధారణ పూర్తయి ఇన్ఫెక్షన్ లేదని తేలితే ఇలా చెప్పవచ్చు: "మీకు హెచ్ఐవీ లేదు. దానం రోజున చేసిన మొదటి పరీక్ష పొరపాటుగా స్పందించింది. దాన్ని తేల్చడానికి మరింత కచ్చితమైన పరీక్షలు చేశాము, అవన్నీ నెగిటివ్." నిర్ధారణ ఇంకా కాకపోతే ఇలా: "మొదటి పరీక్ష రియాక్టివ్ వచ్చింది. దాతల్లో ఇలా వచ్చినవాటిలో చాలావరకు తప్పుడువే ఉంటాయి. మీ విషయంలో ఏది నిజమో ఇంకా తెలియదు. ఫలానా తేదీకి తెలుస్తుంది."

"దాదాపు నెగిటివ్", "భయపడాల్సింది ఏమీ లేదేమో", "కొంచెం తేడా ఉంది" లాంటి మాటలు వద్దు. ఇన్ఫెక్షన్ లేదని చెబుతూనే రక్తం ఇవ్వడానికి రావద్దంటే దాతకు అది పొంతన లేని మాటగా వినిపిస్తుంది. లేకపోతే ఎందుకు వద్దంటున్నారని వారు అడగడం సబబే. ఆ ప్రశ్న వారు అడగకముందే మనం ఎత్తి, బ్యాగు నిర్ణయం వేరు, మనిషి తీర్పు వేరు అన్న సంగతిని వివరించాలి. చివరలో, విన్నదాన్ని వారి మాటల్లో తిరిగి చెప్పమని అడగండి. తల ఊపినవారందరికీ అర్థమైందని అనుకోవద్దు. భయంలో ఉన్న మనిషి చెవులు సగమే వింటాయి కాబట్టి సారాంశాన్ని మూసిన కవరులో కాగితం మీద కూడా ఇవ్వాలి.

నా జీవిత భాగస్వామికి చెప్పాలా? ఈలోగా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఫాల్స్ పాజిటివ్ అని తేలితే ఎవరికీ చెప్పవలసిన అవసరం లేదు, ఏ జాగ్రత్తలూ అక్కర్లేదు; పిల్లలకు పాలివ్వడం, దాంపత్యం అన్నీ మామూలుగానే సాగవచ్చు. నిర్ధారణ కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో మాత్రం కండోమ్ వాడడం, రేజరు, టూత్‌బ్రష్ వంటివి పంచుకోకపోవడం, ఎక్కడా రక్తం ఇవ్వకపోవడం మంచిది. పాలిచ్చే తల్లి అయితే వైద్యుడిని అడగకుండా తనంతట తాను పాలు మాన్పించవద్దు.

బయట ల్యాబులో పరీక్ష చేయించుకుంటే నెగిటివ్ వచ్చింది. ఆ రిపోర్టు తెస్తే ఒప్పుకుంటారా?

ఆ రిపోర్టు మీ మనశ్శాంతికి పనికొస్తుంది, మేము కూడా చూస్తాము. అయితే అక్కడ వాడినది ర్యాపిడ్ కిట్ కావచ్చు, మా కిట్ కంటే తక్కువ సున్నితమైనది కావచ్చు. దానం కొనసాగింపుపై నిర్ణయానికి మా పద్ధతిలో తీసిన కొత్త శాంపిల్ అవసరం. రిపోర్టు తెచ్చిన దాతను నమ్మడం లేదన్నట్లు మాట్లాడకూడదని మా సిబ్బందికి మనవి.

హెచ్ఐవీ రాకుండా ముందుజాగ్రత్త మందులు వాడుతున్నవారి విషయంలో తేడా ఏమైనా ఉందా?

ఉంది. ప్రెప్ అనే ఈ మందులు వాడుతుండగా ఇన్ఫెక్షన్ సోకితే వైరస్ స్థాయి బాగా తగ్గిపోయి, యాంటీబాడీలు ఆలస్యంగా తయారై, బలహీనమైన లేదా నిలకడలేని ఫలితాలు రావచ్చు. అవి ఫాల్స్ పాజిటివ్‌ల్లాగే కనిపిస్తాయి. కాబట్టి బలహీనమైన రియాక్టివ్‌ను తప్పుడిదని తేల్చే ముందు మందుల గురించి నేరుగా, తీర్పు ధ్వనించకుండా అడగాలి. నెలల తరబడి పనిచేసే ఇంజెక్షన్ల గురించి కూడా అడగాలి. మందులు అన్నప్పుడు చాలామందికి మాత్రలే గుర్తొస్తాయి.

నేను గతంలో ఇచ్చిన రక్తం ఎక్కించుకున్నవారికి ఏమైనా అవుతుందా?

ఫాల్స్ పాజిటివ్ అని తేలితే ఏమీ కాదు. ఫలితం తేలే వరకు మీ పాత దానాల్లోంచి ఇంకా నిల్వలో ఉన్న భాగాలను ఆపి ఉంచుతాము. ఇన్ఫెక్షన్ నిర్ధారణ అయితేనే వాటిని పొందిన రోగులను వెతికి పరీక్షిస్తారు.

మళ్లీ ఎప్పుడు రక్తం ఇవ్వవచ్చు?

ఇది ఆయా దేశాల నియమాలను బట్టి మారుతుంది. కొన్ని చోట్ల ఒకసారి పదేపదే రియాక్టివ్ అయిన దాతను శాశ్వతంగా ఆపేస్తారు. కొన్ని చోట్ల నిర్ణీత వ్యవధి తర్వాత మళ్లీ పరీక్షించి అనుమతిస్తారు. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అయిన ఎఫ్‌డీఏ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హెచ్ఐవీకి కనీసం 8 వారాలు, హెపటైటిస్-సికి కనీసం 6 నెలలు ఆగి, దానం తీసుకోకుండా శాంపిల్ మాత్రమే తీసి, యాంటీబాడీ పరీక్ష, న్యాట్ రెండూ చేసి, రెండూ నెగిటివ్ అయితే ఆ దాత మళ్లీ దానానికి అర్హులవుతారు. ఈ వ్యవధులు ఊరికే పెట్టినవి కావు. నిజంగా తొలి దశ ఇన్ఫెక్షన్ అయి ఉంటే ఈలోగా విండో పీరియడ్ దాటి, యాంటీబాడీలు కచ్చితంగా బయటపడతాయి. యాంటీబాడీ తయారవడానికి ఎక్కువ కాలం పడుతుంది కాబట్టే హెపటైటిస్-సికి గడువు ఎక్కువ.

తిరిగి వచ్చే దారి ఉండాలని మేము బలంగా కోరుకుంటాము. స్వచ్ఛందంగా, క్రమంగా ఇచ్చే దాతే అత్యంత సురక్షితమైన దాత. పరీక్ష చేసిన పొరపాటుకు అటువంటివారిని జీవితాంతం దూరం పెట్టి, వారి స్థానంలో మొదటిసారి వచ్చే అపరిచితులతో లోటు పూడ్చుకుంటే రోగులకు భద్రత పెరగదు.

కేంద్రం తన కిట్ల మీద ఎలా నిఘా పెట్టాలి?

ప్రతి కిట్‌కు, ప్రతి బ్యాచికి రియాక్టివ్‌ల శాతాన్ని రోజువారీగా చూసుకోవాలి. కొత్త బ్యాచి తెరిచిన రోజు నుంచి రియాక్టివ్‌లు ఒక్కసారిగా పెరిగి, నిర్ధారణలు పెరగకపోతే లోపం దాతల్లో లేదు. హద్దును కొద్దిగా మాత్రమే దాటిన శాంపిళ్లు గుంపుగా రావడం కూడా అదే చెబుతుంది. బాగా ఎత్తుకు వెళ్లిన సంకేతాల్లో నిజమైనవి ఎక్కువ, హద్దు పక్కనే ఉన్నవాటిలో తప్పుడువి ఎక్కువ. అయినా తక్కువ సంకేతాన్ని చూసి నిర్ధారణ మానేయకూడదు, తొలి దశ ఇన్ఫెక్షన్ కూడా అలాగే మొదలవుతుంది.

మళ్లీ పరీక్షించినప్పుడు అదే కిట్‌లో మళ్లీ రియాక్టివ్ వస్తే?

ఇది తరచూ జరుగుతుంది. కారణం మీ రక్తంలోని నిరపాయకరమైన యాంటీబాడీ అయితే, అది ఏళ్ల తరబడి ఉండి అదే కిట్‌లో ప్రతిసారీ స్పందిస్తుంది. ఇతర కిట్లలో, నిర్ధారణలో, న్యాట్‌లో నెగిటివ్‌గానే ఉంటే మీ ఆరోగ్యం గురించి సందేహం అక్కర్లేదు. కానీ ఆ కిట్ వాడే కేంద్రంలో మీరిచ్చే ప్రతి బ్యాగూ నాశనం చేయవలసి వస్తుంది కాబట్టి, కేంద్రం కిట్ మార్చే వరకు దానం ఆపమని కోరుతాము. కిట్ మారినప్పుడు ఇటువంటి దాతల జాబితా తీసి, వారిని కేంద్రమే వెనక్కి పిలవాలి; వారే గుర్తుపెట్టుకుని రావాలని ఆశించకూడదు.

అప్పటి వరకు మీ చేతిలో ఉండవలసిన ఉత్తరంలో ఈ విషయాలు ఉండాలి: ఏ తేదీ దానంలో ఏ పరీక్ష రియాక్టివ్ అయింది, ఏ నిర్ధారణ పరీక్షలు ఏ తేదీల్లో చేశారు, వాటి ఫలితాలేమిటి, ఇన్ఫెక్షన్ ఉన్నట్లు ఆధారం లేదన్న స్పష్టమైన వాక్యం, కింద వైద్యుని సంతకం. రేపు శస్త్రచికిత్సకో, ప్రసవానికో, వీసా పరీక్షకో వెళ్లిన చోట అదే కిట్ ఉండి మళ్లీ రియాక్టివ్ వస్తే, అక్కడి వైద్యుడికి మీరు చూపవలసింది ఆ కాగితమే. అడగకపోయినా ఇవ్వవలసిన బాధ్యత కేంద్రానిది. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.